ఆపదలో పిలుపు – చందా ధర్మము

శ్రీమన్నారాయణుని అనంతనామములలో సామాన్యజనుల నాలుకపై మిక్కిలిగా నిలిచిన పేరు ఆపద్బాంధవుడు. వేదాంతము చదువనివాడును, తిరుమంత్రార్థము విననివాడును కాలుజారి పడినప్పుడు పిలుచునది ఆ పేరునే. పెండ్లికి వచ్చు బంధువులు కలరు, పంపకములకు వచ్చు బంధువులు కలరు. ఆపదకు వచ్చినవాడే నిజమైన బంధువని మన భాషయే ఆ పేరుతో తీర్పు చెప్పినది. ఆ మాటను ఆశ్రయించి ఒక లౌకికవిషయమును ఇచట విచారింపవలెనని సంకల్పము. విషయము లౌకికమైనను దానిలో దాగిన ధర్మసందేహము సామాన్యమైనది కాదు.

మచిలీపట్టణమున మా వీధిలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు కలరు. వారి కుమారుడు ఆస్ట్రేలియా దేశమున మెల్‌బోర్న్ నగరమందు ఉద్యోగి. మన కృష్ణామండలమున నేడిట్టి గృహములు కోకొల్లలు. గుడివాడలో ఏ వీధికి పోయినను రెండుమూడిండ్లకొక యింట వృద్ధదంపతు లిద్దరే యుందురు. పిల్లలు సముద్రముల కావల. రాత్రివేళ తండ్రికి ఆయాసము వచ్చినచో కుమారుడు చేయగలిగినది ఫోను చేయుటయే. ఆ భయముచేతనే మా మాస్టారి కుమారుడు పట్టణములోని ఒక ప్రైవేటు అంబులెన్సు యజమానితో మాటలాడి, ఏటేట కొంత చందా చెల్లించునట్లును, పిలిచినప్పుడు బండి తండ్రి ముంగిట నిలుచునట్లును ఏర్పాటు చేసెను. దంపతు లిద్దరి పేర్లు గల కార్డు ఒకటి వచ్చినది. మాస్టారు దానిని పంచాంగము ప్రక్కన మేకునకు తగిలించిరి.

2022వ సంవత్సరము కార్తికమాసమున ఒక వేకువజామున వారి వాకిటనే ఆకుకూర లమ్ముకొను వృద్ధురాలు గంప దించుచు గుండె పట్టుకొని కూలబడెను. మాస్టారు కంగారుతో కార్డు తీసి ఫోను చేసిరి. అవతలివాడు అడిగినది ఒక్కటే ప్రశ్న: “ఆమె మీ కార్డులో ఉన్నారాండీ?” మాస్టారు క్షణకాలము తటపటాయించిరి. “మా అక్కగారే” అన్నచో బండి వచ్చును. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సత్యమును బోధించిన నోట ఆ మాట రాలేదు. “కాదు బాబూ, కూరలమ్మే ఆవిడ” అనిరి. “అయితే కుదరదండీ, మా బండి మెంబర్లకే” అని ఫోను పెట్టివేసిరి. అప్పుడు 108కి ఫోను చేయగా ఆ బండి వచ్చి ఆమెను ప్రభుత్వాసుపత్రికి చేర్చెను. ఆమె బ్రతికినది, మరల గంప ఎత్తలేదు.

నాటి సాయంకాలము మాస్టారు మా అరుగుపైకి వచ్చి కూర్చుండి, “ఆచార్యులవారూ, నాకు మూడు సందేహములు. అబద్ధమాడక తప్పు చేసితినా? డబ్బు కట్టినవానికే ప్రాణరక్షణ యను ఏర్పాటులో నేను చేరుట తప్పా? అసలు భగవంతుని నమ్ముకొన్నవానికి ఈ కార్డు ఎందుకు?” అని యడిగిరి. నాడు నేను తగిన సమాధానము చెప్పలేకపోతిని. ఆ పిమ్మట ఆలోచించినది పాఠకుల యెదుట నుంచుచున్నాను.

కడపటి సందేహమునే మొదట గ్రహింతము. ఏలయన అది వైష్ణవగృహములలో తరచుగా వినవచ్చునది. శరణాగతుని లక్షణము భారమును స్వామిపై వేసి నిశ్చింతగా నుండుట. అట్టివాడు ముందుజాగ్రత్తగా చందా కట్టుట మహావిశ్వాసమునకు లోపము కాదా? ఈ ప్రశ్నకు గ్రంథములకంటె ఆచార్యుల చరిత్రమే చక్కని యుత్తరము. భగవంతుని నిర్హేతుకకృపను ప్రధానముగా ప్రతిపాదించిన మహనీయులు పిళ్ళై లోకాచార్యులు. పిల్లి తన కూనను తానే నోట కరచుకొని పోవునట్లు భగవంతుడు జీవుని రక్షించునని చెప్పు సంప్రదాయమునకు వారు మూలస్తంభము. పదునాలుగవ శతాబ్దమున శ్రీరంగముపై తురుష్కసైన్యము దండెత్తి వచ్చినప్పుడు, “స్వామి తన్ను తానే రక్షించుకొనును” అని వారు కూర్చుండలేదు. వృద్ధాప్యమున, శరీరము సహకరింపని స్థితిలో, నంపెరుమాళ్ళను వెంటనిడుకొని అడవిదారుల దక్షిణమునకు తరలిరి. ఆ ప్రయాణమందే జ్యోతిష్కుడి యనుచోట పరమపదించిరి. ఆ సమయముననే వేదాంతదేశికులవారు శ్రుతప్రకాశికాగ్రంథమును కాపాడుటకై శవముల నడుమ శవమువలె పడియుండిరని సంప్రదాయము చెప్పును. మర్కటన్యాయ మార్జాలన్యాయములను గూర్చి వాదములు పెరిగినను, ఆపత్కాలమున ఇరుసంప్రదాయముల పెద్దలును చేసిన పని యొక్కటే.

కావున నిర్భరత యనగా చేతులు ముడుచుకొనుట కాదు. ఫలమును గూర్చిన దిగులును విడుచుట నిర్భరత. చేయవలసిన పనిని విడుచుట సోమరితనము. పడవ యెక్కినవాడు నావికుని నమ్మును. నావికునకు తెడ్డు నిచ్చినవాడు నారాయణుడని యెరుగును. ఈ రెండు నమ్మకములకును విరోధము లేదు. అంబులెన్సునకు చందా కట్టుట అవిశ్వాసమైనచో, ఇంటికి గొళ్ళెము పెట్టుటయు, పంటకు గట్టు వేయుటయు, జ్వరమునకు కషాయము త్రాగుటయు అవిశ్వాసములే కావలెను. ఐతే ఒక హెచ్చరిక కలదు. “చందా కట్టితిని గనుక నాకిక భయము లేదు” అని తలచువాడు మాత్రము తన విశ్వాసమును స్వామినుండి తీసి కార్డుపై పెట్టినవాడగును. గజేంద్రుడు వేయియేండ్లు తన బలమునే నమ్ముకొని మకరితో పోరెను. బలముండుట దోషము కాలేదు. బలమే సర్వమనుకొన్నంత కాలము పిలుపు పుట్టకపోవుటయే దోషమైనది.

ఇక రెండవ సందేహము. ఇదియే ఈ విచారమునకు ప్రాణము. డబ్బు కట్టినవానికే రక్షణ యనుట ధర్మమా?

మన సీమ ప్రజలకు పదిమంది చిన్నమొత్తములు కలిపి ఒకని పెద్దకష్టమును దాటించుట క్రొత్త కాదు. బందరులో వైద్యవృత్తి నవలంబించిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఈ పట్టణముననే 1923లో ఆంధ్రాబ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1956లో జీవితబీమా జాతీయమైనది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. పేర్లు పోయినను నేర్పిన పాఠము పోలేదు. నూరుగురు తలకొక రూపాయి వేసికొన్నచో వారిలో ఆపద వచ్చునది ఒకరిద్దరికే గనుక వారి కష్టము గట్టెక్కును. ఇందులో నింద్యమైన దేదియు లేదు.

కాని బీమాకును ఆర్తరక్షణమునకును భేదము కలదు. బీమాసొమ్ము ఆలస్యముగా వచ్చినను వచ్చినట్లే. నేలబడి ఊపిరాడనివానికి గడియ ఆలస్యమైన సహాయము సహాయమే కాదు. మరియు బీమా పత్రము లేనివానికి సొమ్ము రాకున్న అది దారిద్ర్యము. బండి రాకున్న అది మరణము. కావున సొమ్ము విషయమున చెల్లు నియమము ప్రాణవిషయమున యథాతథముగా చెల్లదు. 1989లో మన సర్వోన్నత న్యాయస్థానము పరమానంద కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ప్రాణాపాయములో నున్నవానికి చికిత్స చేయుట ప్రతి వైద్యుని కర్తవ్యమనియు, లాంఛనములు దాని కడ్డు రారాదనియు నిర్ణయించెను. మన పెద్దలు ఆర్తుని జాతి, కులము, ఋణము అడుగరాదని చెప్పినదానికి ఇది నేటి రూపము.

విదేశములలో ఈ చిక్కును ఎట్లు విడదీసికొనిరో చూచుట ఉపయుక్తము. మాస్టారి కుమారుడుండు విక్టోరియా రాష్ట్రమున అంబులెన్సునకు సభ్యత్వచందా కలదు. సభ్యుడు కానివానికి తరువాత వేయిడాలర్లకు మించిన బిల్లు వచ్చును. కాని పిలిచినవాడు సభ్యుడా కాదా యని చూచి బండిని పంపు పద్ధతి అచట లేదు. బండి ముందు, లెక్క తరువాత. పింఛనుపై బ్రతుకు పేదలకు లెక్కయు లేదు. అదే దేశమున క్వీన్స్‌లాండ్ రాష్ట్రమందు మొదట చందాపద్ధతియే యుండెను. 2003 జూలైలో దానిని మార్చి ప్రతి విద్యుత్తు బిల్లుతో కొంత పన్నుగా వసూలు చేసిరి. 2011లో ఆ పన్నును తీసివేసి ప్రభుత్వ ధనాగారమునుండియే ఖర్చు భరించుట మొదలిడిరి. ఇచ్ఛాపూర్వకమగు చందా, నిర్బంధమగు పన్ను, సర్వజనుల ధనాగారము – ఈ మూడు మెట్లను ఎనిమిదేండ్లలో నడచిన ప్రజల యనుభవము మనకొక పాఠము.

ఇంతకంటె ఆలోచింపదగినది స్విట్జర్లాండు దేశపు రేగా యను సంస్థ కథ. అది 1952లో పుట్టినది. మంచుకొండలలో చిక్కుకొన్నవారిని ఆకాశమార్గమున దెచ్చి వైద్యులకు అప్పగించుట దాని పని. ధనములేక మూతపడు స్థితి రాగా 1966లో అది ప్రజలనే పోషకులుగా రమ్మని వేడుకొనెను. నేడు ముప్పది లక్షలకు పైగా జనులు ఏటేట కొంత సొమ్ము దానికి సమర్పించుచున్నారు. ఆ దేశజనాభా కోటికి లోపే. ఇందులో విశేషమేమనగా, ఆ సొమ్ము బీమా కాదు, ఒప్పందము కాదు. పోషకునికి ఆపద వచ్చి ఖర్చు ఇతరత్ర రానిచో, సంస్థ కృతజ్ఞతాపూర్వకముగా, తన శక్తి ననుసరించి ఆ ఖర్చును మాన్పవచ్చును. అది వారి యిష్టము. పోషకునికి హక్కు లేదు. హక్కు లేదని తెలిసియు లక్షలమంది ఇచ్చుచున్నారు.

ఈ యేర్పాటును చూచినప్పుడు మన సంప్రదాయమున దానమునకును వ్యాపారమునకును గల భేదము గుర్తుకు వచ్చును. ఇచ్చినదానికి ఇంత రావలెనని పట్టుబట్టుట వ్యాపారము. అది నేరము కాదు, దానము మాత్రము కాదు. ఇచ్చి, ఇక నా కర్తవ్యము తీరినదని తలచుట దానము. ఇచ్చినవాడే ఒకనాడు అర్థియై నిలువవలసి వచ్చినప్పుడు, “నేను కట్టితిని, తీసికొని రా” అని గద్దించుటకంటె “నన్ను కాపాడుము” అని పిలుచుట తగినది. మన నిత్యానుష్ఠానమున నున్న క్రమమిదియే గదా! తిరువారాధనము చేయుదుము, ఐనను ఆపదలో “ఇన్నేండ్లు తులసి సమర్పించితిని” అని లెక్క చెప్పము. చెప్పినచో ఆ తులసి అమ్ముకొన్నట్లగును.

తిరుమలలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానమును తలచుకొనుడు. భక్తులు సమర్పించిన ధనము నిధిగా నుండును. ఏ రోజున ఎవరి ధనముచే వండినను పంక్తిలో కూర్చున్నవానిని “నీవు చందాదారుడవా?” అని యడుగువారు లేరు. లక్ష యిచ్చినవాడును, రిక్తహస్తుడై కొండ కాలినడకను ఎక్కినవాడును ప్రక్కప్రక్కనే భుజింతురు. ఇచ్చినవానికి ఆ పూట అన్నము తక్కువ రుచించునా? తన ధనము ఎదుటివాని విస్తరిలో కనబడుచుండగా ఇంకను రుచించును. చందాతో నడచు ఆర్తరక్షణమునకు ఇంతకంటె మేలైన నమూనా మనకు వెదకినను దొరకదు.

ఇక్కడ ఒక ఆక్షేపము పుట్టును. కట్టనివానికిని బండి వచ్చునన్నచో కట్టువాడెవడు? అందరును “ఎవరో కట్టుదురులే” అని యూరకుందురు. తుదకు బండియే యుండదు. ఇది తేలికగా తోసివేయదగినది కాదు. బండికి నూనె కావలెను, దానిలోని మనుష్యులకు జీతము కావలెను. ప్రైవేటు యజమాని ధర్మసత్రము పెట్టినవాడు కాడు. మాస్టారికి “కుదరదు” అన్న యుద్యోగి క్రూరుడని నేను తలపను. అదే క్షణమున చందాదారుడొకడు పిలిచి, బండి వేరొకచోట నున్నచో, ఆ పాపమెవరిది?

సమాధానము రెండు విధములు. మొదటిది గీతాచార్యుని బోధ. మూడవ అధ్యాయమున స్వామి యజ్ఞచక్రమును వివరించుచు, పరస్పరోపకారముచే నడచు ఈ లోకమున తన భాగము తాను సమర్పింపక భోగించువానిని చోరునిగా పరిగణించెను. కావున శక్తియుండి కట్టనివాడు, పేదవానితో సమానుడు కాడు, చోరునితో సమానుడు. వానినుండి తరువాత వసూలు చేయుట అధర్మము కాదు. విక్టోరియావారు చేయునది అదియే. ఐనను చోరుడైనను ఆపదలో పడినప్పుడు ముందు లేవనెత్తవలెను, తగవు తరువాత.

రెండవది మన సొంత అనుభవము. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. సత్యం సంస్థాధిపతి రామలింగరాజుగారు దానిని స్థాపించిరి. పిమ్మట ప్రభుత్వము ఖర్చులో అత్యధికభాగమును వహించెను. కార్డు లేదు, చందా లేదు; పిలిచినవాడే సభ్యుడు. 2009 జనవరిలో సత్యం సంస్థ లెక్కలలోని వంచన బయటపడి స్థాపకులు కారాగారమునకు పోయిరి. ఆ బండ్లు నిలిచిపోవునని లోకము భయపడినది. కాని నిలువలేదు. జి.వి.కె. సంస్థాధిపతులు బాధ్యత వహించిరి, ప్రభుత్వధనము ఆగలేదు, ఇతరరాష్ట్రములకును ఆ సేవ వ్యాపించెను. 2020 జూలై 1న మన రాష్ట్రప్రభుత్వము 108, 104 సేవలకై 1,088 క్రొత్తవాహనములను విజయవాడలో ఒక్కరోజుననే ప్రారంభించినది.

ఈ కథలో రెండు సూక్ష్మములు కలవు. దాత దోషి యైనంత మాత్రమున దానము చెడదు; ఆ బండిలో కాన్పునకు పోయిన తల్లికిని, పుట్టిన శిశువునకును ఏ దోషమును అంటలేదు. కాని ఒకే దాతపై ఆధారపడిన ధర్మము అపాయకరమని కూడ దీనివలన తెలియవలెను. ఒక స్తంభముపై కట్టిన మంటపము ఆ స్తంభమెంత గొప్పదైనను నమ్మదగినది కాదు. నాడు ఆ సేవను నిలిపినది సర్వజనుల ధనము. మనము ఉప్పు కొన్నను పప్పు కొన్నను చెల్లించు పన్నులో ఒక కణము ఆ బండిచక్రముల క్రింద తిరుగుచున్నది. ఆకుకూరల వృద్ధురాలును తన జన్మలో చెల్లించిన పైసలు అందులో కలవు. ఆమె చందా కట్టనిదని ఎవరనగలరు?

దివిసీమవారికి ఈ విషయము వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న సముద్రము లేచి గ్రామములకు గ్రామములనే కబళించినది. పదివేలకు పైబడిన ప్రాణములు పోయినవి. దారులు లేవు, తంతితీగెలు లేవు, పిలుచుటకు గొంతులు లేవు. ఆ పిమ్మట బురదలో దిగి శవములను మోసినవారు, గంజి కాచినవారు, బ్రతికినవారిని భుజముపై నెత్తుకొని గట్టునకు చేర్చినవారు ఎక్కడెక్కడినుండియో వచ్చినవారు. వారిలో రామకృష్ణామిషన్ సాధువులు కలరు, విద్యార్థులు కలరు, పేరు చెప్పని వారనేకులు కలరు. “మీ దెవరి కార్డు?” అని ఒకరును అడుగలేదు. హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రునిలో కలియుచోట కొలువైన వేణుగోపాలస్వామి అది అంతయు చూచినవాడు. ఎదురుమొండి దీవులవారు తరతరములుగా ఏరు దాటిన పిమ్మటనే వైద్యుని ముఖము చూచినవారు. అట్టివారికి చందాబండి రేవు ఆవలనే ఆగును. పడవవాని దయయే వారి మొదటి అంబులెన్సు. కావున సంపన్నవీధులలో మాత్రమే తిరుగు ఏర్పాటు ఎంత చక్కగా నడచినను ధర్మమున సగమే.

ఇప్పుడు మొదటి సందేహము. “మా అక్కగారు” అని మాస్టారు చెప్పియుండవలెనా?

కర్ణపర్వమున శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుని కథ చెప్పెను. సత్యవ్రతుడైన ఆ తపస్వి, దొంగలు తరుముకొని వచ్చి యడుగగా, దాగినవారి జాడను ఉన్నదున్నట్లు చెప్పెను. వారు హతులైరి, అతడు నరకమున బడెను. సత్యము ప్రాణులకు హితమైనప్పుడే పూర్ణసత్యమని స్వామి యాశయము. ఆ న్యాయమున మాస్టారు అబద్ధమాడినను పాపము స్వల్పమే యని చెప్పవచ్చును. మరియు శ్రీవైష్ణవుని దృష్టిలో ఒక తండ్రి సంతానమగు జీవులందరును తోబుట్టువులే. ఆ అర్థమున అది అబద్ధమును కాదు. ఐనను నేనట్లు తీర్పు చెప్పను. వేరొక చందాదారుని ప్రాణము దానివలన చిక్కులో పడవచ్చునేమో యను శంక యుండగా, మోసము దారి కారాదు. మాస్టారు సత్యము చెప్పి, వెంటనే వేరొక దారి వెదకిరి. ఒక ద్వారము మూసికొన్నప్పుడు “నా పని నేను చేసితిని” అని ఊరకుండినచో ఆ సత్యము కౌశికుని సత్యమై యుండెడిది. వారు ఊరకుండలేదు గనుక వారికి దోషము లేదు.

కాని అసలు తప్పు ఆ వేకువజామున జరిగినది కాదు. కార్డు తీసికొన్ననాడే జరిగినది. నా వాకిటికి రోజు వచ్చు మనిషి ఈ ఏర్పాటులో లేదే యని ఆనాడే తట్టవలసినది. విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు అడిగిన ప్రశ్నలన్నియు బుద్ధిమంతులు అడుగదగినవే: వీడెవడు, ఎవరివాడు, ఎందుకు వచ్చెను? రక్షణకు నియమములు పెట్టువాడు అట్లే యడుగును. రాముడు ఆ బుద్ధిని తిరస్కరింపలేదు. దానిని మించిన మాట చెప్పెను. ఒక్కసారి శరణని వచ్చినవానికి అభయమిచ్చుట తన వ్రతమనెను. వచ్చినవాడు రావణుడైనను సరే తీసికొని రమ్మనెను. నియమము సుగ్రీవునిది, వ్రతము రామునిది. నియమము లేనిదే సేన నిలువదు; వ్రతము లేనిదే అది రామసేన కాదు.

భగవద్రామానుజుల చరిత్రము ఇంకను దగ్గర. తిరుక్కోష్టియూరునకు పదునెనిమిది మారులు నడచి గోష్ఠీపూర్ణుల వలన మంత్రార్థమును పొందిరి. పొందినవానికే గాని ఇతరులకు చెప్పరాదని గురువుగారి నిబంధన. కష్టపడి చేరినవానికే ఫలమను నియమమది. రామానుజులు గోపురమెక్కి ఎల్లవారికిని దానిని ఎలుగెత్తి చాటిరి. ఆజ్ఞ మీరిన పాపమునకు తానొక్కడు నరకమునకు పోయినను, విన్నవారందరు తరింతురు గదా యనిరి. గురువు కోపము ఆనందబాష్పములుగా మారినది. ఇందొక విశేషము గమనింపవలెను. రామానుజులు తాను నడచిన పదునెనిమిది ప్రయాణములు వ్యర్థమైనవని తలపలేదు. నేను కట్టినది నాకే కావలెననుట మనుష్యస్వభావము. నేను కట్టితిని గనుక నా వెనుక నిలుచున్నవానికిని అందవలెననుట వైష్ణవలక్షణము.

ఇక జరిగినది చెప్పి ముగింతును. మాస్టారు మరుసటి సంవత్సరము చందా మానలేదు. మా వీధిలోని యిండ్లన్నింటికిని తిరిగి, పదునొకండు కుటుంబములను కూడగట్టి, యజమానివద్దకు పోయి, “మా చందా మొత్తము ఒక్కటిగా తీసికొనుడు. మా వీధిలో ఎవరు పడినను, పాలవాడైనను, చాకలియైనను, గుడికి వచ్చిన యాత్రికుడైనను, బండి రావలెను” అని కోరిరి. ఆయన లెక్కలు వేసికొని, ఏడాదికి ఐదుగురు బయటివారి వరకు ఒప్పుకొనెను. మాస్టారు నా యింటికి వచ్చినప్పుడు, “నాకు స్వామి యున్నాడు, చందా యేల?” అని నేనంటిని. వారు నవ్వి, “మీకు స్వామి యున్నాడు సరే; ఆకుకూరల ఆమెకు స్వామి మీ రూపమున రావలెనేమో, ఆచార్యులవారూ!” అనిరి. నేను విశ్వాసమని పలికినది సగము లోభమని అప్పుడు తెలిసినది. పింఛనులోనుండి నా భాగము చెల్లించితిని. ఇప్పటి వరకు ఆ బండి మా వీధికి బయటివారికొరకు రెండుమారులు వచ్చినది. నా కొరకు ఇంకను రాలేదు. నా సొమ్ము వ్యర్థమైనదని నాకు తోచుటలేదు.

ఐదుగురను హద్దు కూడ హద్దే. ప్రక్కవీధి మాటేమి? ఆ మాటకు వీధిచందా సమాధానము కాదు. సర్వజనుల బండియే సమాధానము. కావున గృహస్థులు చేయదగినవి మూడు. పన్ను ఎగవేయక చెల్లించుట. ఏలయన 108 బండి దానితోనే నడచును. ప్రత్యేకముగా చందా కట్టుకొను శక్తి గలవారు, తమ పేరుతోపాటు పేరులేని ఒకరిని ఆ యేర్పాటులో చేర్చుటకు ప్రయత్నించుట. దారిలో పడినవానిని చూచి తొలగిపోక, 108కి పిలిచి, వచ్చువరకు వానివద్ద నిలుచుట. సహాయము చేసినవానిని పోలీసులు, న్యాయస్థానములు వేధింపరాదని 2016లో సర్వోన్నత న్యాయస్థానము మార్గదర్శకములను ఆమోదించినది. 2019 మోటారు వాహనముల సవరణచట్టము దానిని బలపరచినది. భయమునకు ఇక నెపము లేదు.

మన కృష్ణాతీరమున శ్రీకాకుళక్షేత్రమందు ఆంధ్రమహావిష్ణువు వెలసియున్నాడు. శ్రీకృష్ణదేవరాయలకు స్వప్నమున దర్శనమిచ్చి ఆముక్తమాల్యద రచింపుమని ఆజ్ఞాపించిన స్వామి యాతడే. ఆ కావ్యమున చండాలకులజుడైన మాలదాసరి తన సంకీర్తనఫలమును బ్రహ్మరాక్షసునకు ధారపోసి వాని నుద్ధరించెను. తాను ఆర్జించినది తన్ను తినవచ్చినవానికే ఇచ్చెను. మనల నెవరును తినవచ్చుటలేదు; వాకిట గంప దించుచు ఒక వృద్ధురాలు మాత్రము కూలబడుచున్నది. ఆమె పిలుపు వినబడినప్పుడు కార్డులో పేరు వెదకక లేచుటకు తగిన మనస్సును, బండిని నడపుటకు తగినంత ధర్మబుద్ధిని, మన వంతు వచ్చిననాడు గర్వములేక పిలుచుటకు తగిన దైన్యమును ఆ ఆపద్బాంధవుడు మనకు ప్రసాదించుగాక.